తాంబూలము – రాయబారము

విజయవాడ గవర్నరుపేటలో ఏ యింట శుభకార్యము జరిగినను, అతిథి తాంబూలము పుచ్చుకొనినగాని విందు పూర్తికాదు. పెండ్లి నిశ్చయమైనదనుటకు ‘తాంబూలములు పుచ్చుకొనిరి’ అందుము. ఆకు వక్కలు ఇచ్చిన మాటకు సాక్ష్యములు. పూర్వము రాజ్యముల నడుమను వీనికి గొప్ప స్థానముండెను.

1443వ సంవత్సరమున, హీరాతునుండి పాలించుచుండిన షారూఖు చక్రవర్తి రాయబారియగు అబ్దుల్ రజాకు విజయనగరమునకు వచ్చెను. రెండవ దేవరాయలు అతనికి విడిది చూపి దినదినము బత్తెము పంపించెను: రెండు గొఱ్ఱెలు, నాలుగు జతల కోళ్లు, ఐదు మణుగుల బియ్యము, మణుగు వెన్న, మణుగు చక్కెర, రెండు వరహాలు. వారమునకు రెండుమాఱులు సాయంకాలమున పిలిపించి, చక్రవర్తి విశేషములడిగి, తాంబూలమును, కర్పూరమును, నాణెముల సంచిని ఇప్పించుచుండెను.

కాని నాటి ఆచారమునుబట్టి వారిరువురు ఒక పంక్తిని భుజింపరాదు. పంక్తి లేని విందెట్లు? రాయలు దుబాసి ముఖమున ఉపాయము తెలిపెను. కలిసి భుజించుట పొసగదు గనుక ఆ ధనపు సంచినే రాయబారి విందుగా భావింపుమనెను. ఆచారము చెడలేదు, అతిథి మనస్సు నొవ్వలేదు.

పిమ్మట హొర్ముజు వర్తకులు అతడు నిజమైన రాయబారి కాడని వదంతి పుట్టించిరి. మంత్రి దండయాత్రకు పోయియుండగా, అతని స్థానముననున్న యధికారి బత్తెము నిలిపివేసెను. బత్తెము నిలుచుట యనగా గౌరవము నిలుచుటయే. మంత్రి తిరిగివచ్చి ఆ యధికారిని మందలించెను.

నూఱేండ్లు గడచినవి. అహమదునగర సుల్తాను హుసేను నిజాంషా యుద్ధమున ఓడి సంధి కోరెను. అళియ రామరాయలు విధించిన షరతులలో, సుల్తాను స్వయముగ వచ్చి తన చేతి తాంబూలము పుచ్చుకొనవలెననునది యొకటి. సమావేశమున రామరాయలు తన చేయి తాకగా, సుల్తాను నీరు తెప్పించి చేతులు కడుగుకొనెను. రామరాయలును కోపించి అట్లే చేసెనని ఫెరిష్తా వ్రాసెను. 1565లో దక్కను సుల్తానులు ఏకమై విజయనగరముపై దండెత్తినపుడు హుసేను నిజాంషా వారిలో నుండెను. ఆ యుద్ధమున రామరాయలు మరణించెను. యుద్ధమునకు కోటలు, రాజ్యములు మున్నగు కారణములు పెక్కు గలవు. ఆ యవమానమొక్కటియే కారణమనరాదు. కాని అది పగను చల్లార్చలేదు.

బాలబాలికలారా! దేవరాయలు తాంబూలమును గౌరవముగ నిచ్చెను. రామరాయలు ఓడినవానిని వంచుటకు దానిని సాధనము చేసెను. ఆకు వక్కలు అవియే; ఇచ్చిన మనస్సులు వేఱు.

ప్రశ్నలు
1. దేవరాయలు సహపంక్తి భోజనమునకు బదులుగా ఏమి చేసెను?
2. బత్తెము నిలుచుట అవమానమెట్లయ్యెను?