గుట్టకు వెళ్లే మనవరాలికి

భూదాన్ పోచంపల్లి



కాలేజీలో యాత్రా వ్యాసం రాయమన్నారనీ, యాదగిరిగుట్ట, భువనగిరి కోట ఎంచుకున్నాననీ చెప్పావు. సంతోషం బిడ్డా. ఎట్లా చూడాలి తాతా అని అడిగావు కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

చూడవచ్చేవాళ్ల తీరు మన ఊరికి బాగా తెలుసు. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. వచ్చినవాళ్లు మగ్గం ముందు ఫోటో దిగుతారు, చీర బేరమాడతారు, వెళ్లిపోతారు. పక్క గదిలో నూలుకు చిటికి కట్టే మనిషి దగ్గర ఆగేవాళ్లు తక్కువ. డిజైను పుట్టేది అక్కడే. కట్టు పడిన చోట రంగు అంటదు. ఆ అంటని జాగే చీర మీద పువ్వయి తేలుతుంది. నువ్వు గుట్టనూ కోటనూ అట్లాగే చూడు, కాలం అంటని జాగా ఎక్కడుందో వెతుకు. నోట్‌బుక్కులో పేజీ మధ్యన గీత గీసి, ఒకవైపు మారనిది, రెండోవైపు మారింది రాసుకో.

మొదటిరోజు పొద్దెక్కకముందే కోట ఎక్కు. అంతా ఒకటే బండ, నీడ ఉండదు. ఎండ ముదిరితే కాలు పెట్టలేవు. వాన పడితే జారుతుంది, ఆ రోజు మానుకో. త్రిభువనమల్లుడని బిరుదున్న పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు కట్టించాడంటారు. ఆయన ఏలింది 1076 నుంచి 1126 దాకా. తర్వాత కాకతీయులు వచ్చారు, సుల్తానులు వచ్చారు. 18వ శతాబ్దం తొలినాళ్లలో సర్వాయి పాపన్న దాడి చేశాడు. ఇవన్నీ రెండో వరుసలోకి పోతాయి. మొదటి వరుస కోసం రాతిలోని నీటిగుంటల దగ్గర కాసేపు కూర్చో. వాననీళ్లు బండవాలు మీద ఎటు జారి ఎందులో చేరతాయో కళ్లతో గీత గీసుకో. ముట్టడి పడ్డప్పుడు పైనున్నవాళ్ల ప్రాణాలు ఆ గుంటల మీదే ఆధారపడేవి. గోల్కొండ దాకా సొరంగం ఉందని ఎవరైనా అంటే ‘అంటారు’ అని రాయి, ‘ఉంది’ అని రాయకు. తాళ్లతో బండ ఎక్కడం నేర్చుకునే పిల్లలు కనబడితే వాళ్లతో మాట్లాడు. 2014 మే 25న, ఇంకా పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ ఇక్కడే.

సాయంత్రానికి యాదగిరిగుట్ట చేరు. ఋష్యశృంగుడి కొడుకు యాద మహర్షి అక్కడ తపస్సు చేస్తే నరసింహుడు అయిదు రూపాల్లో వెలిశాడని స్థలపురాణం; అందుకే పంచ నారసింహ క్షేత్రమంటారు. నమ్మకాన్ని చరిత్రలాగా రాయకు, ఎగతాళిగానూ రాయకు. ‘భక్తుల విశ్వాసం’ అని రాస్తే నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ న్యాయం చేసినట్టే.

ఇక్కడ మారినది చాలా ఉంది. 2016లో పునర్నిర్మాణం మొదలైంది. స్వామికి తాత్కాలికంగా బాలాలయం కట్టి, అక్కడే పూజలు సాగించారు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ చేసి ప్రధానాలయం మళ్లీ తెరిచారు. కృష్ణశిలతో కట్టిన మండపాలు, పడమట ఏడంతస్తుల రాజగోపురం, 2025 ఫిబ్రవరిలో విమాన గోపురానికి పెట్టిన బంగారు తాపడం, అన్నీ నీ కళ్లముందే ఉంటాయి. తల పైకెత్తి చూడటం అందరూ చేస్తారు. నువ్వు స్తంభం దగ్గరికి పోయి రాయికీ రాయికీ మధ్య అతుకు చూడు.

ఇంత కట్టినా స్వయంభువు మూర్తులున్న గుహను కదపలేదు. గర్భాలయంలోకి పోగానే చెక్కిన రాయి ఆగి, చెక్కని కొండ మొదలవుతుంది. ఆ హద్దు ఎక్కడుందో గుర్తుపెట్టుకో. వరుస వెనకనుంచి తోస్తుంది, నిలబడనివ్వరు. దండం పెట్టుకుంటూనే కంటితో పట్టుకోవాలి. గుట్ట మీదే రామలింగేశ్వరస్వామి గుడి ఉంది, శివుణ్ణీ చూసిరా. సమయముంటే దగ్గర్లోని పాతగుట్ట గుడికీ పో. రద్దీ తక్కువ కాబట్టి అర్చకులతో నాలుగు మాటలు మాట్లాడే వీలుంటుంది.

కుదిరితే స్వాతి నక్షత్రానికి ముందురోజు బయలుదేరు. స్వాతి నరసింహుడి జన్మ నక్షత్రం. ఆ తెల్లవారుజామున గుట్ట చుట్టూ గిరి ప్రదక్షిణ చేస్తారు. నువ్వూ చెప్పులు విప్పి వాళ్లతో నడువు. ఫోన్ సంచిలో పెట్టుకో. ఏ ఊరు, ఏ మొక్కు, ఎన్నేళ్లుగా వస్తున్నారు అని నెమ్మదిగా అడుగు; చెప్పకపోతే వదిలెయ్. ముసలవ్వ ఎవరైనా ఈ కొత్త గోపురాలు లేనప్పటి గుట్ట గురించి చెబితే ఆమె మాటలు ఆమె యాసలోనే రాసుకో, దిద్దకు.

తిరిగొచ్చాక రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడు. మారింది రెండు పేజీలు నిండుతుంది. మారనిది నాలుగైదు మాటలకు మించదు: బండ, నీటిగుంట, గుహ, నడిచే జనం. వ్యాసం ఆ పొట్టి వరుసతో మొదలుపెట్టు. రాజులు, తేదీలు, గోపురాలు దాని చుట్టూ వాటంతటవే కుదురుకుంటాయి. తేదీలు ఒకటికి రెండుసార్లు సరిచూసి నాకు పంపు. ఎర్ర సిరా పెన్ను ఇంకా పారేయలేదు.

ఇట్లు,
తాత