తెలియని పిలుపు వస్తే

వరాఛా, సూరత్

తమ్ముడూ,

నువ్వు పంపిన రూబీ ప్రోగ్రామ్ మొత్తం చదివాను. వజ్రాల ప్యాకెట్ల లెక్క చూసే క్లాసులో మెథడ్_మిస్సింగ్ పెట్టి, అక్కడ లేని మెథడ్‌ను ఎవరు పిలిచినా లోపలి ఆబ్జెక్ట్‌కు దాటించావు. ఆలోచన మంచిది. 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో ఆలన్ కే బృందం తయారుచేసిన స్మాల్‌టాక్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. అందులో మెథడ్‌ను పిలవడమంటే ఆబ్జెక్ట్‌కు సందేశం పంపడమే. క్లాసులో, దాని పై క్లాసులన్నిటిలో వెతికినా తగిన మెథడ్ దొరక్కపోతే 'డజ్‌నాట్‌అండర్‌స్టాండ్' నడుస్తుంది. సందేశం పేరు, ఆర్గ్యుమెంట్లు దాని చేతికొస్తాయి. ఆ తర్వాత ఏం చేయాలన్నది మన ఇష్టం.

నా భయమంతా నీ కోడ్ చివరి వరుస గురించే. లోపలి ఆబ్జెక్ట్‌కు కూడా తెలియని పేరైతే నిల్ ఇచ్చి ఊరుకున్నావు. రేపు ఎవరో బరువు మెథడ్ పేరులో ఒక అక్షరం తప్పు కొడతారు. ఎర్రర్ రాదు, నిల్ వస్తుంది. బిల్లు దగ్గర టు_ఎఫ్ పెట్టావు కదా, ఆ నిల్ 0.0 అయిపోతుంది. క్యారెట్‌లో వందో వంతు, అంటే 2 మిల్లీగ్రాములు కూడా లెక్కలోకొచ్చే ఊళ్లో ప్యాకెట్ బరువు సున్నా అని బిల్లు అచ్చవుతుంది!

ఇక్కడి మినీ బజార్‌లో మంచి దలాల్ తన దగ్గర లేని సరుకు అడిగితే, ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్తాడు. ఎక్కడా లేకపోతే లేదని ముఖానే చెప్పేస్తాడు. నీ ఆబ్జెక్ట్ కూడా అలాగే ఉండాలి.

అందుకని, లోపలి ఆబ్జెక్ట్‌కు తెలిసిన పేర్లే దాటించు, మిగతావి సూపర్‌కు వదిలెయ్. అప్పుడు తప్పు పేరుతో సహా నోమెథడ్‌ఎర్రర్ వస్తుంది. 'రెస్పాండ్_టు_మిస్సింగ్?' కూడా తప్పక రాయి. లేకపోతే పిలిస్తే పలికే ఆబ్జెక్టే, 'ఈ మెథడ్ నీకుందా' అని అడిగితే లేదంటుంది. టు_ఎస్, ఇన్‌స్పెక్ట్ లాంటివి మామూలు ఆబ్జెక్ట్‌లన్నిటికీ ముందే ఉంటాయి కాబట్టి మెథడ్_మిస్సింగ్ దాకా రానే రావు. అవి కూడా లోపలి ఆబ్జెక్ట్‌కు దాటాలంటే విడిగా రాసుకోవాలి. దాటించాల్సిన పేర్లు ముందే తెలిస్తే ఈ తంటా అక్కర్లేదు, ఫార్వర్డబుల్‌లోని డెఫ్_డెలిగేటర్స్ చాలు. చదివేవాళ్లకు ఏ పేరు ఎక్కడికి పోతుందో ఒక్క చూపులో తెలుస్తుంది.

రెండు టెస్టులు రాయి. తెలిసిన పేరు సరిగ్గా దాటాలి, ఎవరికీ తెలియని పేరుకు ఎర్రర్ రావాలి. రెండోది ముందు రాయి. నీ కోడ్‌ను నమ్మి డబ్బు లెక్కపెట్టుకునేవాళ్లను కాపాడేది అదే.

ఉంటాను,
మీ అన్నయ్య