చెరువు ఫోన్ వేరు, చదువు ఫోన్ వేరు

ఏకాగ్రత మీద మాట్లాడేవాళ్లంతా ముందుగా చెప్పే మాట, ఫోన్ స్విచ్చాఫ్ చేయమని. ఆకివీడు చుట్టుపక్కల ఆ సలహా చెల్లదు. రొయ్యల చెరువున్న ఇంట్లో రాత్రి ఫోన్ ఆపేస్తే తెల్లారేసరికి పంటే ఉండకపోవచ్చు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎటూ తక్కువే. ఆ వేళప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయంటే రొయ్య పైకి తేలుతుంది. అందుకే చాలామంది రైతులు మోటారుకు సిమ్ వేసిన స్టార్టర్ పెట్టించుకుంటున్నారు. కరెంటు పోగానే అది ఇంటికి కాల్ చేస్తుంది. పగలు 30 కౌంటు (కిలోకు 30 రొయ్యలు) ఎంత, 100 కౌంటు ఎంత అన్న ధరలు కూడా వాట్సాప్‌లోనే తిరుగుతాయి. అలాంటి ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయి “నాన్న ఫోన్ నా దగ్గరే ఉంటుంది సార్” అంటే అది సాకు కాదు.

చిక్కల్లా ఆ తర్వాత వస్తుంది. కాల్ అర నిమిషంలో అయిపోతుంది, వేలు మాత్రం రీల్స్‌లోకి జారుతుంది. దీనికి నాకు తెలిసిన మంచి మందు కీప్యాడ్ ఫోన్. స్టార్టర్‌లో ఆ నంబరు రిజిస్టర్ చేయించండి, ఇంటివాళ్లకూ అదే ఇవ్వండి. చదువుకునే బల్ల మీద ఆ చిన్న ఫోన్ ఒక్కటే ఉండాలి. స్మార్ట్‌ఫోన్ పక్క గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి బోర్లించినా చాలదంటాను. 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన పరీక్షల్లో, ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్ల కంటే వేరే గదిలో వదిలి వచ్చినవాళ్లు మెరుగ్గా రాశారు. తర్వాత వచ్చిన అధ్యయనాలు కొన్ని దీన్ని బలపరచలేదు, నిజమే. కానీ ఫోన్ పక్క గదిలో పెట్టి చూడటానికి మీకు పోయేదేముంది?

బడిలో ఈ గొడవ కొంత తగ్గింది. బడిలో ఫోన్ల గురించి యునెస్కో 2023 నివేదిక హెచ్చరించాక, ఆ ఏడాది ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యార్థులు బడికి ఫోన్ తేవద్దని ఆదేశించింది. కానీ సాయంత్రం ఇంట్లో కూర్చునే గంటలకు జీవో ఉండదు కదా.

ఆ గంటల్ని పరీక్ష ఎలా కొలుస్తుందో చూడండి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. 2024 గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పు జవాబుకు మూడోవంతు మార్కు కోత. సిలబస్ మొత్తం తిరగేసిన అభ్యర్థి కూడా గంట దాటాక జారిపోతాడు. ‘సరికానిది ఏది?’ అని అడిగితే, మొదట కనిపించిన సరైన వాక్యానికి టిక్ పెట్టేసి ముందుకు పోతాడు. బయటికొచ్చి కీ చూసుకుని “అయ్యో, ఇది నాకొచ్చు!” అంటాడు. వచ్చు, కానీ కూర్చోవడం రాలేదు. ప్రశ్న చివరిదాకా చదివే ఓపిక పది సెకన్లకో వీడియో మార్చే అలవాటుతో రాదు.

పొమొడోరో పద్ధతి పేరు మీరు వినే ఉంటారు. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో మొదలుపెట్టాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాల విరామం. అసలు కూర్చోలేనివాళ్లకు మంచి మొదటి మెట్టు. అక్కడే ఆగిపోతే మాత్రం పరీక్షకు పనికిరాదు, హాల్లో 25 నిమిషాలకోసారి విరామమివ్వరు. అలవాటైన కొద్దీ 50కి, 90కి పెంచుకుంటూ పోండి. ఆదివారం మాత్రం పూర్తి పేపరు, పూర్తి సమయం. విరామంలో కూడా ఫోన్ ముట్టకండి, లేచి మంచినీళ్లు తాగండి, వీధిలోకి వెళ్లి రండి.

టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు పోగేయడం చదువు కాదు. వారానికొకసారి కావలసినవి ఏరి, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోండి. ఏలూరు జిల్లా కేంద్ర గ్రంథాలయం లాంటి చోట్ల కూర్చుని చదివే వీలుంటే ఇంకా మంచిది. ఇక భీమవరం కాలేజీకి వెళ్లొచ్చే బస్సులో రీల్స్ చూస్తానంటే నాకేం అభ్యంతరం లేదు. చూడాలంటే అక్కడే చూడండి, బస్సు దిగాక ఆపండి.

ఉద్యోగంలో చేరాక ఫోన్ బాధ పోదు, వేషం మారుతుంది. సచివాలయ ఉద్యోగికి వాట్సాప్ గ్రూపే పై అధికారి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు గ్లోరియా మార్క్ కొలిచి చూస్తే, 2004 ప్రాంతంలో ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన చూపు, ఇటీవలి ఏళ్లలో 47 సెకన్లకు పడిపోయింది. గ్రూపు నుంచి తప్పుకోమని ఎవరూ చెప్పలేరు. కాకపోతే పై అధికారితో ఒక మాట అనుకోవచ్చు: “అర్జెంటైతే కాల్ చేయండి సార్, గ్రూపు గంటకోసారి చూస్తాను.” చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకూ అదే బాధ కనుక.

ఈ ఆదివారమే ఒక పాత పేపరు తీసి గడియారం పెట్టుకుని కూర్చోండి. ఫోన్ వైపు మనసు పోయిన ప్రతిసారీ పేపరు అంచున టైము రాయండి. మొదటి గుర్తు 20వ నిమిషంలో పడితే మీ సాధన 20 నిమిషాల దగ్గర మొదలుపెట్టండి. పక్కవాడు ఎన్ని గంటలు చదువుతున్నాడో మీకు అనవసరం.