వలస బిడ్డకూ బడి ఉంది



పానగల్ వంటి మెట్ట పల్లెలకు వలస కొత్త కాదు. వానలు మొహం చాటేస్తే పాలమూరు కూలీలు మేస్త్రీ వెంట బొంబాయి, పూణె దాకా పోయారు. అలాగే ఒడిశా కూలీలు మన ఇటుక బట్టీలకు వస్తున్నారు. పెద్దలకు పని దొరుకుతుంది, పిల్లల చదువు దారిలోనే ఆగిపోతుంది. "టి.సి. ఏది? పుట్టిన తేదీ కాగితం ఏది?" అని బడిలో అడిగితే ఆ తల్లి ఏం చెప్పగలదు?

చట్టం ఏమంటున్నదో తెలుసుకుందాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 6 నుండి 14 ఏండ్ల పిల్లలందరికీ ఇది వర్తిస్తుంది.

5వ సెక్షన్: టి.సి. రాలేదని సర్కారు బడిలో ప్రవేశం ఆపరాదు.
14వ సెక్షన్: వయసు ధ్రువపత్రం లేదని కాదనరాదు.
4వ సెక్షన్: వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

ఈ చట్టం రాకముందే, 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ తరఫున చదువుకున్న పల్లె యువత ఇల్లిల్లూ తిరిగి, పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. మీరూ చేయగలరు. విచారణ పెద్దలను తోడు తీసుకొని బట్టీకి వెళ్లండి. బడి ఈడు పిల్లల పేర్లు రాసుకోండి. తల్లిదండ్రులతో కలిసి హెడ్మాస్టరు గారిని మర్యాదగా అడగండి. కాదంటే మండల విద్యాధికారికి అర్జీ ఇవ్వండి.

హేరోదుకు వెరచి ఐగుప్తు చేరిన బాలయేసూ వలస బిడ్డే. ఆ పిల్లలకు మనం అడిగేది దయ కాదు, హక్కు.

ఈ వారం ఇంట్లో మాట్లాడుకోండి: మన ఊరికి వచ్చిన ఏ బిడ్డ బడికి వెళ్లడం లేదు?