మోటారుసైకిలు గొలుసు: సంరక్షణ, సర్దుబాటు

పూర్వము మన గ్రామములలో రైతు ఎద్దుబండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన వేసి, కడసీలలు తట్టి చూచి, పలుపులు సరిచేసుకొని గాని బయలుదేరెడివాడు కాడు. ఈ విద్యను అతడు ఏ పుస్తకమునందును చదువలేదు. తండ్రి చేయుచుండగా చూచి నేర్చుకొనెను. నేడు ఆ బండి చేసెడి పనిలో చాల భాగమును మోటారుసైకిలు చేయుచున్నది. పాలకేంద్రమునకు పాలు, పొలమునకు ఎరువు బస్తా, సంతకు కూరగాయలు, బడికి పిల్లలు, ఆసుపత్రికి రోగి, అందరును దానిమీదనే పోవుచున్నారు. కాని ఇరుసునకు కందెన వేసిన నాటి శ్రద్ధ మాత్రము క్రొత్త బండికి ఇంకను అలవడలేదు.

కొంతకాలము క్రిందట పర్యటన సందర్భమున నేనొక గ్రామ పంచాయతీ కార్యాలయములో కూర్చుండియుండగా, వార్డు సభ్యులొకరు కాలికి కట్టుతో వచ్చిరి. ప్రతి ఉదయమును ఆయన రెండు క్యానుల పాలను మోటారుసైకిలుపై కేంద్రమునకు చేర్చుచుందురు. ఒకనాడు జాతీయ రహదారిని దాటుచుండగా గొలుసు వెనుక పళ్ళచక్రముపై నుండి జారి, ప్రక్కన ఇరుకుకొన్నది. చక్రము బిగిసిపోయి బండి నడిరోడ్డుపై పడినది. ఎదురుగా వచ్చుచున్న లారీ డ్రైవరు సకాలమున ఆపగలిగెను గనుక ప్రాణము దక్కినది. పాలు నేలపాలైనవి, కాలు విరిగినది. “రెండు నెలల నుండి కరకరమను చప్పుడు వినిపించుచునే యున్నదండీ. గుంటల రోడ్డు గదా, బండి అట్లే అరచునని ఊరకుంటిని” అని ఆయన చెప్పిరి.

ఆ రెండు నెలలలో ఏనాడైనను ఒక అరగంట వెచ్చించియున్నచో ఈ ఆపద తప్పియుండెడిది. ఈ పాఠము ఆ అరగంటను గురించినది. చైనుతో నడచు మోటారుసైకిళ్ళకును, మోపెడులకును ఇది వర్తించును. పెక్కు స్కూటరులకు ఇట్టి గొలుసు ఉండదు.

గొలుసు చేయు పని

ఇంజను పుట్టించిన శక్తిని వెనుక చక్రమునకు చేర్చునది గొలుసు. ఇంజను ప్రక్కన ఒక చిన్న పళ్ళచక్రమును, వెనుక చక్రమునకు ఒక పెద్ద పళ్ళచక్రమును ఉండును. మెకానిక్కులు వీనిని స్ప్రాకెట్లు అందురు. ముందు 14 పళ్ళు, వెనుక 42 పళ్ళు గల బండిలో చిన్న చక్రము 3 సార్లు తిరిగినప్పుడు పెద్దది ఒక్కసారి తిరుగును. వేగము తగ్గి, లాగెడి బలము పెరుగును.

నేడు మనము వాడు గొలుసునకు మూలమైన నమూనాను హాన్స్ రెనాల్డ్ అను ఇంజనీరు 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో రూపొందించెను. ప్రతి లింకునందును ఒక పిన్ను, దానిచుట్టు ఒక గొట్టము, ఆ గొట్టముపై స్వేచ్ఛగా తిరుగు ఒక రోలరు ఉండును. పంటితో ఒరసికొనవలసిన భాగము దొర్లిపోవుటచే అరుగుదల తగ్గును. సైకిలు గొలుసైనను, మోటారుసైకిలు గొలుసైనను సూత్రము ఒక్కటే.

గొలుసు సాగుట యన నేమి?

గొలుసు రబ్బరువలె సాగదు. లోపలి పిన్నులును, గొట్టములును అరుగుటవలన దాని పొడవు పెరుగును. సుమారు 110 లింకులు గల గొలుసులో ఒక్కొక్క పిన్నువద్ద మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే అరిగినను, మొత్తము 11 మిల్లీమీటర్లు పెరుగును. కంటికి కనబడని అరుగుదల ఈ విధముగా కూడుకొని కంటికి కనబడు వదులగును. ఒక కిలోమీటరు ప్రయాణములో వెనుక చక్రము 500 సార్లకు పైగా తిరుగునని తలంచినచో, ఎండిన పిన్నులు ఎంత ఒరయునో ఊహింపవచ్చును. దుమ్మును, ఇసుకయు చేరినప్పుడు అవి ఆకురాయివలె పనిచేయును.

బిగువు ఎంత యుండవలెను?

పలుపు మిక్కిలి బిగిసినచో ఎద్దు మెడ ఒరసికొనిపోవును. మిక్కిలి వదులైనచో పశువు కట్టు తప్పించుకొనును. గొలుసు విషయమును ఇట్టిదే.

వదులైన గొలుసు పళ్ళపై నుండి ఎగిరిపడును, కవరునకు కొట్టుకొనును, తుదకు జారిపోయి చక్రమును బిగించును. ఇది అందరికిని తెలిసినదే. బిగువైన గొలుసువలన కీడు కలదని మాత్రము పెక్కుమంది ఎరుగరు. బండిపై బరువు పడినప్పుడు షాక్ అబ్జార్బర్లు అణగి, వెనుక చక్రము పైకి కదలును. అప్పుడు రెండు పళ్ళచక్రముల నడుమ దూరము కొంత పెరుగును. ఖాళీ బండిపై ముచ్చటగా బిగించిన గొలుసు, ఇద్దరు మనుష్యులును ఒక బస్తాయును ఎక్కిన పిమ్మట తీగవలె బిగిసి, గేరుపెట్టె బేరింగులను, చక్రపు బేరింగులను చెరచును. ఒక్కొక్కప్పుడు తెగిపోవును. కావున గొలుసునకు కొంత వదులు ఉండుట లోపము కాదు, అవసరము.

పెక్కు చిన్న మోటారుసైకిళ్ళకు ఈ వదులు 20 నుండి 30 మిల్లీమీటర్లు, అనగా దాదాపు ఒక అంగుళము ఉండవలెనని తయారుచేయువారు చెప్పుచున్నారు. కొన్ని బండ్లకు ఇంతకంటె ఎక్కువ కావలసియుండును. మీ బండితో వచ్చిన పుస్తకములోని అంకెయే ప్రమాణము.

కొలుచు విధము

ఇంజను ఆపి, తాళము చెవి తీసివేసి, గేరు న్యూట్రలులో ఉంచి, పుస్తకములో చెప్పిన స్టాండుపై బండిని చదునైన నేలమీద నిలుపవలెను. రెండు పళ్ళచక్రముల నడుమ, గొలుసు క్రింది వరుస మధ్యభాగమును వ్రేలితో పైకెత్తి, పిదప క్రిందికి నొక్కి, పై హద్దునకును క్రింది హద్దునకును గల దూరమును స్కేలుతో కొలువవలెను. గొలుసునకు పూర్తి కవరు గల బండ్లలో ఒక రబ్బరు మూతను తీసినచో గొలుసు కనబడును.

ఒక్కచోట కొలిచి విడువరాదు. గొలుసు అంతటను సమానముగా అరుగదు. చక్రమును చేతితో కొంచెము కొంచెముగా త్రిప్పుచు నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటె బిగువుగా ఉన్న చోటును గుర్తించి, అక్కడనే సర్దుబాటు చేయవలెను.

సర్దుబాటు చేయు క్రమము

1. వెనుక చక్రపు ఇరుసు నట్టును సరియైన పానాతో వదులు చేయవలెను. కొన్ని బండ్లకు గొలుసువైపున స్లీవ్ నట్టు అను మరియొక పెద్ద నట్టు ఉండును. దానినికూడ వదులు చేయవలెను. డ్రమ్ము బ్రేకును పట్టియుంచు కడ్డీ నట్టును, బ్రేకు సర్దుబాటు నట్టును అవసరమైనంత వదులు చేయవలెను.

2. ఇరుసునకు ఇరువైపుల నుండు సర్దుబాటు నట్టులను ఒక్కొక్కసారి పావు చుట్టు చొప్పున, రెండింటిని సమానముగా త్రిప్పవలెను. ఒకవైపు మాత్రమే త్రిప్పినచో చక్రము వంకరయగును, టైరును గొలుసును ఒకవైపే అరుగును, బండి ప్రక్కకు లాగును.

3. ఇరువైపుల గీతలు కలవు. ఎడమవైపున ఇరుసు గుర్తు ఎన్నవ గీతయొద్ద ఉన్నదో కుడివైపునను అన్నవ గీతయొద్దనే ఉండవలెను.

4. వదులును మరల కొలిచి, ఇరుసు నట్టును బిగించవలెను. బిగించునప్పుడు చక్రము కొంచెము కదలుట కద్దు. కావున బిగించిన పిమ్మట ఇంకొకసారి కొలువవలెను.

5. బ్రేకు కడ్డీ నట్టును మరువక బిగించి, స్ప్లిట్ పిన్ను ఉన్నచో క్రొత్తది వేయవలెను. చక్రము వెనుకకు జరిగినందున బ్రేకు ముందటికంటె బిగువగును. పెడలును కూడ సరిచేసి, చక్రము స్వేచ్ఛగా తిరుగుచున్నదా, బ్రేకు పట్టుచున్నదా, బ్రేకు లైటు సకాలమున వెలుగుచున్నదా అని చూచుకొనవలెను.

ఇరుసు నట్టును ఎంత బలముతో బిగించవలెనో పుస్తకములో ఉండును. సందేహము కలిగినచో మెకానిక్కుచే ఒకసారి సరిచూపించుకొనుట మేలు. బిగించని ఇరుసు నట్టు వదులు గొలుసుకంటె ప్రమాదకరము.

శుభ్రపరచుట, నూనె వేయుట

మొదట ఒక హెచ్చరిక. ఇంజను నడుచుచుండగా, బండిని గేరులో ఉంచి, గుడ్డతో గొలుసును తుడుచువారు కలరు. గుడ్డతోపాటు వ్రేళ్ళును పళ్ళచక్రములోనికి పోవుటకు ఒక్క క్షణము చాలును. చక్రమును ఎల్లప్పుడును చేతితోనే త్రిప్పవలెను.

మెత్తని బ్రష్షును కిరసనాయిలులో గాని, ఇందుకై అంగడిలో అమ్ము ద్రవములో గాని ముంచి మట్టిని తొలగించి, పొడిగుడ్డతో తుడువవలెను. పెట్రోలు వాడరాదు. అది మంట నంటుకొనును. కొన్ని గొలుసులలో పిన్నులచుట్టు రబ్బరు వలయములు ఉండును, వానినికూడ చెరచును. అట్టి గొలుసులపై ఇనుప బ్రష్షును వాడరాదు.

పిమ్మట 90 నంబరు గేరు నూనెను గాని, చైను స్ప్రేను గాని క్రింది వరుస లోపలివైపున, చక్రమును త్రిప్పుచు వేయవలెను. నూనె కావలసినది పైరేకులకు కాదు, లింకుల సందులలోనికి. ప్రయాణము ముగిసి గొలుసు వెచ్చగా ఉన్నప్పుడు వేసినచో బాగుగా లోనికి దిగును. పైకి మిగిలిన నూనెను తుడిచివేయవలెను, లేనిచో దుమ్ము పట్టును. టైరుపై గాని బ్రేకుపై గాని చుక్కయైనను పడరాదు. ఇంజనునుండి తీసిన నల్లని పాతనూనెలో లోహపు రజను ఉండును. అది గొలుసును కాపాడదు, అరుగదీయును.

సాధారణముగా 500 కిలోమీటర్లకు ఒకసారి నూనె వేయుట మంచిది. వానలో తడిసినను, దమ్ము పొలముల బురదలో నడిచినను ఆనాడే శుభ్రపరచవలెను.

ఎప్పుడు మార్చవలెను?

వెనుక పళ్ళచక్రపు చివరిభాగమున గొలుసును పట్టి వెనుకకు లాగినప్పుడు, పంటి ఎత్తులో సగము బయటపడినచో గొలుసు తీరినదని తెలియవలెను. కొలిచి చూడగోరువారు మరియొక పద్ధతిని అనుసరింపవచ్చును. పెక్కు చిన్న బండ్ల గొలుసులో పిన్నునకు పిన్నునకు దూరము 12.7 మిల్లీమీటర్లు. గొలుసును బిగువుగా లాగి 21 పిన్నులను లెక్కించి, మొదటిదాని మధ్యనుండి చివరిదాని మధ్యకు కొలిచినచో క్రొత్తదానిలో 254 మిల్లీమీటర్లు ఉండును. ఇది 257కు చేరువైనప్పుడు క్రొత్తదానికి సిద్ధపడవలెను. 259 అయినదానిని ఇక నడుపరాదు. పుస్తకము ఇంతకంటె తక్కువ హద్దును చెప్పినచో దానినే పాటించవలెను.

పళ్ళు కొడవలి మొనవలె వంగినను మార్చవలసినదే. క్రొత్త గొలుసును పాత పళ్ళచక్రములపై వేయుట చాలమంది చేయు పొదుపు. అరిగిన పళ్ళు క్రొత్త గొలుసును త్వరలోనే పాడుచేయును గనుక అది పొదుపు కాదు. మూడింటిని ఒకేసారి మార్చవలెను. చైను లాకు పైనుండు క్లిప్పును వేయునప్పుడు దాని మూసిన కొన గొలుసు పోవు దిశవైపు ఉండవలెను. తిరుగవేసినచో ఏదైన తగిలి క్లిప్పు ఊడిపోవును.

చీరకొంగు, చున్నీ

గొలుసునకు కవరు, వెనుక చక్రమునకు శారీ గార్డు అలంకారములు కావు. వెనుక కూర్చున్నవారి వస్త్రములు చిక్కుకొనకుండ వెనుక చక్రములో సగమునకు తక్కువ గాని భాగమును కప్పు రక్షణ ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వ నియమము చెప్పుచున్నది. అందము కొరకు వీనిని ఊడదీయు యువకులు, వెనుక కూర్చుండునది తమ తల్లియో, చెల్లెలో అని గ్రహింపవలెను.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఈ పని సొంత బండితో ప్రారంభింపవలెను. సభ్యుని బండి కరకరలాడుచుండగా అతని ఉపదేశమును ఎవరును వినరు. గ్రామములోని మెకానిక్కును ఒక ఆదివారము ఆహ్వానించి, కార్యాలయము ముందట నలుగురికి చేసి చూపింపుమని కోరవచ్చును. కావలసినవి కొన్ని పానాలు, ఒక స్కేలు, ఒక బ్రష్షు, కొంత నూనె మాత్రమే. రోడ్లపై ఉలవ, కంది మొదలగు పంటలను నూర్చుటకు పరచినప్పుడు ఆ తీగలు చక్రమునకును గొలుసునకును చుట్టుకొని బండ్లు పడుచున్నవి. ఇట్టివారికి కళ్ళములు చూపించి, రోడ్డును విడిపించుట పంచాయతీ చేయదగిన పని.

మొదట చెప్పిన వార్డు సభ్యులు కట్టు విప్పించుకొన్న పిదప నెలకొకసారి తమ బండిని కార్యాలయము ముందున్న వేపచెట్టు క్రింద నిలిపి, గొలుసును కొలిచి, నూనె వేయుచున్నారు. మొదట చూచి నవ్వినవారే ఇప్పుడు తమ బండ్లను తెచ్చి వరుసలో నిలుపుచున్నారు. తండ్రిని చూచి కొడుకు ఇరుసునకు కందెన వేయుట నేర్చిన మన గ్రామములలో ఈ విద్యయు అట్లే వ్యాపింపగలదు.

చర్చకు ప్రశ్నలు

1. ఖాళీ బండిపై గొలుసును పూర్తిగా బిగించుట ఎందుకు తగదు?
2. సర్దుబాటు ముగిసిన పిమ్మట బ్రేకును ఏల పరీక్షింపవలెను?
3. గొలుసుతోపాటు రెండు పళ్ళచక్రములను మార్చుటవలన లాభమేమి?
4. మీ గ్రామములో శారీ గార్డు లేని బండ్లు ఎన్ని కలవు? వాని యజమానులతో ఎవరు మాటలాడుదురు?