వాట్టు – యూనిట్టు: ఇంటి విద్యుత్తు లెక్క

విద్యార్థులారా! మన తళవాయిపురమున దీపము, పంకా లేని యిల్లు నేడు అరుదు. నైటీలు కుట్టు ఇండ్లలో కుట్టుయంత్రమును విద్యుత్తుతోనే తిరుగుచున్నది. అయినను లెక్కచీటిలోని ‘యూనిట్టు’ అననేమని యడిగినచో పెద్దలు సైతము తడబడుదురు. కావున ఆ విషయము నిచట విశదపఱుప దలచితిమి.

మొదట రెండు మాటల భేదము నెఱుగవలెను. పనిచేయించు సత్తువకు శక్తి యని పేరు. ఆ శక్తి యెంత వేగముగా వ్యయమగుచున్నదో తెలుపునది సామర్థ్యము. తమిళమున శక్తిని ‘ఆట్రల్’ అనియు, సామర్థ్యమును ‘తిరన్’ అనియు వ్యవహరింతురు. ఇరుభాషల నడుమ పెరుగు మనకు రెండు పదములును తెలిసియుండుట మేలు.

గొట్టమునుండి నిముసమునకు ఎన్ని బిందెల నీరు వచ్చునో అది సామర్థ్యము వంటిది. సాయంకాలమునకు తొట్టిలో చేరిన నీరు శక్తి వంటిది. ధార సన్ననిదైనను దినమెల్ల పాఱినచో తొట్టి నిండును గదా!

సామర్థ్యమునకు కొలమానము వాట్టు. ఆవిరియంత్రమును మెఱుగుపఱచిన జేమ్స్ వాట్ (1736–1819) పేర నది యేర్పడినది. సెకనునకు ఒక జౌలు శక్తి వ్యయమైనచో అది ఒక వాట్టు. ‘గంటకు 60 వాట్లు’ అనుట తప్పు. కాలము వాట్టులోనే యిమిడియున్నది. 1000 వాట్ల పరికరము ఒక గంట పనిచేసినచో వ్యయమగు శక్తియే యూనిట్టు. గంటకు 3600 సెకనులు గనుక, యూనిట్టనగా 36 లక్షల జౌళ్లు. పది క్వింటాళ్ల బరువును సుమారు 367 మీటర్ల యెత్తునకు లేపుటకు ఈ శక్తి చాలును!

సూత్రము: వాట్లను గంటలచే గుణించి, 1000చే భాగించిన యూనిట్లు వచ్చును.

ఒక చిన్న యింటి లెక్కను 60 దినములకు చూతము. 9 వాట్ల ఎల్‌.ఇ.డి. దీపము దినమునకు 5 గంటలు వెలిగిన 2.7 యూనిట్లు. 75 వాట్ల పంకా 12 గంటలు తిరిగిన 54 యూనిట్లు. 100 వాట్ల కుట్టుయంత్రపు మోటారు 8 గంటలు నడచిన 48 యూనిట్లు. మొత్తము 104.7.

తమిళనాడు ప్రభుత్వము 2016లో గృహములకు రెండు మాసములకు మొదటి 100 యూనిట్లను ఉచితము చేసినది. పై యిల్లు ఆ హద్దును కొంచెములో దాటుచున్నది. పాత పంకాకు బదులు 35 వాట్ల పంకా నుంచినచో దాని వ్యయము 25.2 యూనిట్లకు దిగి, మొత్తము 75.9 మాత్రమే యగును. గాలి తగ్గదు, వ్యయము తగ్గును. అదే దీపము విషయమున 60 వాట్ల పాత బుడ్డి వాడినచో 2.7కు బదులు 18 యూనిట్లగును. కావున పెద్ద అంకె గల పరికరమునే గాక, చిరకాలము పనిచేయు పరికరమును గూడ గమనింపవలెను.

అభ్యాసము: నేటి యుదయము మీ యింటి మీటరు అంకెను వ్రాసికొనుడు, రేపు అదే వేళకు మరల వ్రాసికొనుడు. మొదటిదానిని రెండవదానినుండి తీసివేయగా వచ్చునది ఒక దినపు వ్యయము. పిదప ప్రతి పరికరముపై వ్రాసియున్న వాట్లను, అది పనిచేసిన గంటలను పట్టికగా వేసి మొత్తము కట్టుడు. రెండును సుమారుగ సరిపోయినచో లెక్క మీకు వచ్చినట్లే. సరిపోనిచో మఱచిన పరికర మేదో వెదకుడు. లెక్క తెలిసిన బిడ్డ యింటికి దీపము వంటివాడు.