వెతుకులాటకు జేబులు కుడదాం



ఆదివారం ఉదయం మన ఇళ్లలో ఏం జరుగుతుందో ఒకసారి తలచుకోండి. పూజకు వేళవుతుంది. పిల్లలకు తల దువ్వడం అయిపోతుంది. ఇంతలో "నా జపమాల ఏదమ్మా?" అని అమ్మమ్మ అడుగుతుంది. "బండి తాళంచెవి ఎవరు తీసిండ్రు?" అని నాన్న కేక వేస్తాడు. పెద్దవాడి సత్యోపదేశం పుస్తకం మంచం కింద దొరుకుతుంది. అమ్మమ్మ కళ్లజోడు మాత్రం ఎంతకీ దొరకదు. గుడి గంట మోగేసరికి ఇంట్లో అందరి ముఖాలూ ముడుచుకుని ఉంటాయి. పోయిన వస్తువు చిన్నదే, దాని కోసం అనుకున్న మాటలు మాత్రం పెద్దవి.

ఈ వారం మనం నేర్చుకోబోయే పని ఈ వెతుకులాటను తగ్గించేది. గోడకు తగిలించుకునే జేబుల సంచిని మన చేతులతో మనమే కుట్టుకుందాం. దుకాణాల్లో దీన్ని ఆర్గనైజర్ అని అమ్ముతున్నారు. మనకు ఒక పాత దుప్పటి, ఖాళీ బియ్యం సంచి, కుట్టుమిషను ఉంటే చాలు. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఈ మూడూ లేని వాడకట్టు ఉండదు.

మా ఇంట్లో జరిగిన సంగతి

కొన్నేళ్ల కిందటి మాట. మా అత్తమ్మకు బి.పి. ఉంది, షుగర్ ఉంది. ఆమెకు చదువు రాదు. మాత్రలన్నీ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, అట్ట రంగును బట్టి గుర్తుపట్టి వేసుకునేది. ఒక నెల అదే మందు వేరే కంపెనీది వచ్చింది. అట్ట రంగు మారింది. ఆమె బి.పి. మాత్ర అనుకుని షుగర్ మాత్రను రెండోసారి వేసుకుంది. అర్ధరాత్రి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకుపోయాం. "ఏం మందులు వాడుతున్నరు? పాత చీటీ ఏది?" అని డాక్టరు అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఇంటికి మనిషిని పంపితే, బీరువా అంతా కింద పోసినా చీటీ దొరకలేదు.

దేవుని దయవల్ల ఆమె కోలుకుంది. తప్పు మందులు అమ్మినవారిది కాదు, చదువు రాని అత్తమ్మది అంతకంటే కాదు. దేనికీ ఒక చోటు లేని మా ఇంటిది.

ఆ వారమే నేను నాలుగు జేబుల సంచి ఒకటి కుట్టాను. మొదటి జేబు మీద పొడిచే పొద్దు, రెండో దాని మీద నడినెత్తి సూర్యుడు, మూడో దాని మీద నెలవంక దారంతో కుట్టాను. నాలుగోది ఆసుపత్రి చీటీలకు. అత్తమ్మ వాటిని వేలితో తడిమి చూసి, "ఇది పొద్దుగాల, ఇది పగటీలి, ఇది రాత్రి" అంది. కరెంటు పోయినా ఆమె చేతికి నెలవంక తెలిసేది. ఆ రోజు నాకు ఒక మాట అర్థమైంది. చేతిపనికి కొత్త ఆలోచన ఎక్కడినుంచో ఊడిపడదు. ఇంట్లో ఎవరి అవసరాన్నో జాగ్రత్తగా చూస్తే అదే దొరుకుతుంది.

కత్తెర పట్టకముందు

ఒక వారం రోజులు ఒక కాగితాన్ని గోడకు అంటించి పెట్టండి. ఇంట్లో ఎవరు ఏ వస్తువు కోసం వెతికినా దాని మీద ఒక గీత గీయండి. వారం చివర చూస్తే మీ ఇంటి సంగతి మీకే తెలుస్తుంది. ఒక ఇంట్లో తాళంచెవులు, ఒక ఇంట్లో కళ్లజోడు, ఇంకో ఇంట్లో ఫోను చార్జరు. ఎక్కువ గీతలున్న వస్తువులకే జేబులు కుట్టండి. ఆ వస్తువులను కొలిచి, ప్రతి కొలతకూ అంగుళం కలపండి. జేబు ముందు కుట్టి, అందులో ఏం పెట్టాలా అని తర్వాత ఆలోచిస్తే అది చెత్త దాచుకునే చోటవుతుంది.

కొలతలు, కుట్టే విధానం

మన సంచి 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. మూడు వరుసల్లో తొమ్మిది జేబులు వస్తాయి.

1. అడుగు బట్ట: 20 × 30 అంగుళాల ముక్కలు రెండు కత్తిరించండి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. పాత దుప్పటి, మందపాటి లుంగీ, పరదా బట్ట ఏదైనా పనికొస్తుంది. కొత్త నూలు బట్ట అయితే ముందే తడిపి ఆరబెట్టండి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని సంచి వంకర తిరుగుతుంది.

2. లోపలి గట్టిదనం: ఇక్కడే మన ప్రాంతపు లాభం ఉంది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, వరి వెంట రైసు మిల్లులు పెరిగాయి. కాబట్టి ఖాళీ బియ్యం సంచి లేని ఇల్లు మనకు లేదు. ప్లాస్టిక్ అల్లికతో చేసిన 25 కిలోల సంచిని కడిగి ఆరబెట్టి, ఒక పక్కన కత్తిరించి పరచండి. అదే కొలతకు ముక్క తీసి రెండు బట్టల మధ్య పెట్టండి. ముక్క చాలకపోతే అతుకు వేయండి, లోపల ఉండేదే కనుక కనబడదు. ఇది సంచిని నిటారుగా నిలబెడుతుంది, గోడ చెమ్మను కాగితాలకు తగలనివ్వదు. అయితే దీని మీద ఇస్త్రీ పెట్టకండి, కరిగిపోతుంది.

3. పై వరుస: 20 × 6½ అంగుళాల పట్టీ. పైన అంగుళం, కింద అర అంగుళం మడిస్తే 5 అంగుళాల ఎత్తు మిగులుతుంది. 6, 7, 7 అంగుళాలుగా మూడు జేబులు చేయండి. కళ్లజోడు, తాళంచెవులు, జపమాల వీటిలో పెట్టుకోవచ్చు.

4. నడిమి వరుస: 28 × 7½ అంగుళాల పట్టీ. మడిచాక 6 అంగుళాల ఎత్తు ఉంటుంది. దీన్ని 7 అంగుళాల చొప్పున నాలుగు భాగాలుగా గుర్తు పెట్టండి. ప్రతి భాగానికీ రెండు పక్కలా అర అంగుళం లోతు మడత వేస్తే ఒక్కో జేబు 5 అంగుళాలకు వస్తుంది. ఈ మడతల వల్ల జేబు ఉబ్బి మాత్రల అట్టలు, దారపు ఉండలు సులువుగా పడతాయి.

5. కింది వరుస: 20 × 11 అంగుళాల పట్టీ. పైన అంగుళం మడవండి, నడుమ ఒక కుట్టు వేసి రెండు జేబులు చేయండి. జిరాక్సు కాగితం 8¼ అంగుళాల వెడల్పు, 11¾ అంగుళాల పొడవు ఉంటుంది. జేబు 10 అంగుళాల లోతే కనుక కాగితం తల పైకి కనబడుతుంది. వెతకకుండానే చేతికి దొరుకుతుంది.

6. అతికించడం: పై నుంచి కొలుచుకుంటే మొదటి వరుస మూతి 3 అంగుళాల దగ్గర, రెండోది 10 దగ్గర, మూడోది 20 దగ్గర రావాలి. జేబుల పట్టీలన్నీ ముందు బట్ట మీదే కుట్టండి. నడుమ కుట్లు పడ్డాక, అప్పుడు బియ్యం సంచి, వెనక బట్ట కలిపి కచ్చా కుట్టు వేయండి. జేబు మూతుల దగ్గర మూడుసార్లు ముందుకూ వెనక్కూ కుట్టండి, చిరుగు మొదలయ్యేది అక్కడే.

7. అంచు, ఉరులు: 2 అంగుళాల వెడల్పు పట్టీని సుమారు 104 అంగుళాల పొడవుకు అతికించుకుని చుట్టూ అంచు వేయండి. 3 × 8 అంగుళాల ముక్కలు మూడు మడిచి కుట్టి, పైన ఉరులుగా పెట్టండి. వాటిలోంచి ఒక కర్ర దూర్చి రెండు మేకులకు తగిలించండి. మందం ఎక్కువ కనుక మిషనుకు 16 నంబరు సూది పెట్టి నిదానంగా తొక్కండి.

అందం ఎక్కడినుంచి తెచ్చుకోవాలి?

"మాకు డిజైన్లు రావు" అని చాలామంది అక్కలు అంటారు. ఫోనులో వెతికితే ఎక్కడెక్కడి బొమ్మలో వస్తాయి. ముందు మన చుట్టూ చూద్దాం.

మన నాయనమ్మలు కుట్టిన బొంతను చూడండి. పాత చీరలు నాలుగైదు పొరలు పరచి, బారులుగా దారం దూర్చి కుట్టేవారు. ఆ బారులే దానికి బలం, ఆ బారులే దానికి అందం. చిరిగిన బొంతలో బాగున్న భాగం ఉంటే, బియ్యం సంచికి బదులు దాన్నే లోపల పెట్టవచ్చు.

మన చుట్టూ ఉన్న తండాలను చూడండి. లంబాడా తల్లులు చతురస్రంగా ఉన్న బట్టను మూడు మూలలు మధ్యకు మడిచి పోస్టు కవరులాగా కుట్టే చిన్న సంచి ఎంత తెలివైన పనో గమనించండి. కత్తిరింపు లేదు, వృథా లేదు, నాలుగో మూలే దానికి మూత. అద్దాలు, గవ్వలు, రంగురంగుల ముక్కలు దాన్ని వెలిగిస్తాయి. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ మహిళలు కుట్టిన 1,755 వస్తువులను ఒకేచోట ప్రదర్శించగా, అది గిన్నిస్ రికార్డుగా నమోదైంది. కాగితం మీద నమూనా గీయని చేతులు అవి. వారి దగ్గర కూర్చుని నేర్చుకోండి, వారు కుట్టినది న్యాయమైన ధరకు కొనండి. మనం కుట్టిన దాన్ని వారి పని అని చెప్పి అమ్మడం మాత్రం తగదు.

మగ్గాన్ని చూడండి. పోచంపల్లి, పుట్టపాక 2016 వరకు మన పాత నల్లగొండ జిల్లాలోనివే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. అక్కడ బట్ట నేశాక రంగు వేయరు. నూలును ముందే ముడులు కట్టి రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేస్తారు. అందుకే ఆ బొమ్మల అంచులు మసకగా, ఈకల్లాగా ఉంటాయి. నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నూలును నానబెట్టి నేసే పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బట్టల తునకలు దొరికితే జేబుకు వాడండి. కానీ దాని మీద మళ్లీ కుట్టుపని చేయకండి. నేతలోనే బొమ్మ ఉన్నప్పుడు మన సూది దాన్ని పాడు చేస్తుంది. అలాంటి జేబు పక్కన సాదా రంగు జేబు ఉంటే రెండూ కుదురుగా కనబడతాయి.

చివరగా ముగ్గును చూడండి. చుక్కలు పెట్టడం వచ్చిన ఏ చేతికైనా డిజైను వచ్చినట్టే. జేబు మీద సుద్దతో అర అంగుళానికి ఒక చుక్క పెట్టి, గీతల వెంట గొలుసు కుట్టు వేయండి. అయితే ఇది పట్టీని అతికించకముందే చేయాలి. జేబు అతికాక లోపలికి సూది దూరదు.

కొన్ని జాగ్రత్తలు

మాత్రలను అట్టలోంచి తీసి జేబులో వేయకండి. పేరు, గడువు తేదీ అట్ట మీదనే ఉంటాయి. రెండు పూటలా వేసుకునే మాత్ర అయితే రెండు అట్టలు తెచ్చి ఒక్కో జేబులో ఒక్కోటి పెట్టండి. ఏది ఏ పూటదో డాక్టరునో మందులిచ్చే వారినో అడిగి సర్దండి. చిన్న పిల్లలున్న ఇంట్లో మందుల సంచి వాళ్ల చేతికి అందని ఎత్తులో, ఎండా పొయ్యి వేడీ తగలని గోడకు ఉండాలి.

పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్ల అసలు ప్రతులు గోడకు వేలాడదీయకండి. అవి బీరువాలోనే ఉండాలి. జేబులో జిరాక్సులు చాలు.

ఎవరైనా అమ్మడానికి కుట్టాలనుకుంటే, మొదటిది మీ ఇంట్లో మూడు నెలలు వాడి చూడండి. ఏ కుట్టు జారిందో, ఏ జేబు ఖాళీగా ఉందో తెలుస్తుంది. ధర కట్టేటప్పుడు బట్ట, దారంతో పాటు మీరు కూర్చున్న గంటలను కూడా లెక్క వేయండి. ఇంటి ఆడవాళ్ల కష్టానికి వెల లేదనుకునే అలవాటు ముందు మనలోనే పోవాలి.

ఈ వారం ఇంటిల్లిపాదీ చేయవలసినది

ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరూ కూర్చుని ఈ మూడు ప్రశ్నలు అడుక్కోండి.

1. పోయిన వారం మనం దేని కోసం ఎక్కువసార్లు వెతికాం?
2. చదవలేని వారు, చూపు ఆననివారు మన ఇంట్లో ఎవరున్నారు? వారికి ఏ గుర్తు తెలుస్తుంది?
3. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వస్తే, చీటీ ఎక్కడుందో ఇంట్లో ఎంతమందికి తెలుసు?

జవాబులు వచ్చాక కత్తెర తీయండి. కొలత నాన్న తీయవచ్చు, చుక్కలు పిల్లలు పెట్టవచ్చు, రంగు అమ్మమ్మ చెప్పవచ్చు. కుట్టు కొంచెం వంకర పోతే పోనీయండి. మా అత్తమ్మ సంచి మీద నెలవంక ఇప్పటికీ కాస్త వంకరగానే ఉంది. ఆమె మాత్రం ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా తప్పు మాత్ర వేసుకోలేదు.